కిలోమీటర్లు చెప్పని అరుగుదల

ఒకే షోరూమ్‌లో, ఒకే నెలలో కొన్న రెండు అడ్వెంచర్ బైకులు ఉన్నాయనుకుందాం. రెండింటి మీటర్లూ 15,000 కిలోమీటర్లే చూపిస్తున్నాయి. మొదటిది హైదరాబాద్–విజయవాడ హైవే మీద టాప్ గేర్‌లో, గంటకు సగటున 80 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తింది. రెండోది మారేడుమిల్లి అడవి బాటల్లో, అరకు ఘాట్లలో, లద్దాఖ్ కనుమల్లో ఎక్కువ సేపు ఫస్టు, సెకండు గేర్లలోనే పాకింది. రెండు ఇంజిన్లూ విప్పితే మొదటిదాని సిలిండరు బోరులో ఫ్యాక్టరీలో వేసిన అడ్డగీతలు ఇంకా కనబడే అవకాశమే ఎక్కువ. రెండోదాని బోరు పైఅంచున ఆ గీతలు చెరిగి నునుపెక్కి ఉండవచ్చు, మధ్య మధ్య సన్నని నిలువు గాట్లు పడి ఉండవచ్చు. వేగంగా పోయిన బండి ఇంజిన్ బాగుండి, మెల్లగా పోయినది అరగడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. మెల్లగా నడిపితే ఇంజిన్ నాలుగు కాలాలు మన్నుతుందని మనందరి నమ్మకం కదా!

ఆ నమ్మకాన్ని ఒకసారి విప్పి చూడక తప్పదు. అడ్వెంచర్ బైకు కొనేవాళ్లు అడిగేది దాని సీసీ, హార్స్ పవర్, వారంటీ ఎన్ని కిలోమీటర్లన్నది. కంపెనీలు చెప్పేది కూడా కిలోమీటర్లలోనే. కానీ ఇంజిన్ లోపల లోహం అరగడానికీ, చక్రం దొర్లిన దూరానికీ ఉన్న సంబంధం చాలా పలచనిది. అరుగుదల జరిగేది కొన్ని నిర్దిష్టమైన చోట్ల, కొన్ని నిర్దిష్టమైన పరిస్థితుల్లో. ఆ పరిస్థితులన్నీ అడ్వెంచర్ ప్రయాణంలోనే ఎక్కువ ఎదురవుతాయి. అందుకే ఈ తరగతి బైకుల మన్నికను దూరంతో కొలవడం మొదటి నుంచీ తప్పు కొలతే.

ఆయిల్ పొర ఎప్పుడు నిలుస్తుంది?

ఇంజిన్‌లో లోహం లోహాన్ని రాసుకుంటూ తిరుగుతుందని చాలామంది అనుకుంటారు. అన్నీ సవ్యంగా ఉంటే అలా జరగదు. తడి రోడ్డు మీద వేగంగా పోతున్న కారు టైరు ఒక్కోసారి రోడ్డును తాకకుండా నీటి పొర మీద తేలిపోతుంది. వేగం ఉన్నంతసేపూ నీరు టైరు కిందికి ఈడ్చుకుపోబడి దాన్ని పైకి ఎత్తి పట్టుకుంటుంది, వేగం తగ్గగానే టైరు మళ్లీ రోడ్డును తాకుతుంది. టైరుకు ప్రమాదకరమైన ఈ తేలడమే ఇంజిన్‌కు ప్రాణం. తిరిగే షాఫ్టు తన వేగంతోనే ఆయిల్‌ను సందులోకి లాక్కుని దాని మీద తేలుతుంది. వేగం, ఆయిల్ చిక్కదనం, మీద పడే భారం అనే మూడింటి లెక్క మీదే ఆ పొర మందం ఆధారపడుతుంది. వేగం, భారం మారితే బేరింగులో రాపిడి ఎలా మారుతుందో జర్మన్ ఇంజనీరు రిచర్డ్ స్ట్రైబెక్ 1902లోనే ప్రయోగాలతో చూపించాడు. భారం ఎక్కువై, వేగం తగ్గి, ఆయిల్ పలచబడితే పొర చిరిగిపోతుంది. అప్పుడు లోహపు ఉపరితలాల మీది సూక్ష్మమైన మొనలు ఒకదాన్నొకటి తాకుతాయి. అరుగుదల మొదలయ్యేది అక్కడే.

మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. క్రాంక్‌షాఫ్టు బేరింగుల్లో ఆయిల్ పొర కొన్ని మైక్రాన్లు ఉంటుంది. కామ్‌షాఫ్టు ముక్కు దగ్గరికొస్తే అది మైక్రాన్‌లో పదో వంతు స్థాయికి పడిపోతుంది. పిస్టన్ రింగులకు కూడా ఒక గండం ఉంది. పిస్టన్ పైకి పోయి ఆగి, వెనక్కి తిరిగే క్షణంలో దాని వేగం సున్నా. దాదాపు అదే సమయంలో పైన ఇంధనం మండి ఒత్తిడి శిఖరానికి చేరుతుంది. వేగం లేనట్టే, భారం గరిష్ఠం, వేడికి ఆయిల్ పలచబడి ఉంది. ఏ బండి బోరు చూసినా పైఅంచునే ఎక్కువ అరిగి కనబడడానికి కారణం ఇదే.

కామ్ ముక్కు కథ

వాల్వులను తెరిచేది కామ్‌షాఫ్టు. దాని మీద గుడ్డు ఆకారంలో ఉండే భాగం (కామ్) మొన, అంటే ముక్కు, వాల్వును కిందికి నొక్కితే, స్ప్రింగు దాన్ని తిరిగి పైకి లాగి మూస్తుంది. ఇంజిన్ వేగం పెరిగే కొద్దీ వాల్వు మరింత జోరుగా కదులుతుంది కాబట్టి, కామ్‌ను వదిలి ఎగిరిపోకుండా ఉంచడానికి స్ప్రింగు బలంగా ఉండాలి. ఎంత బలంగా అన్నది వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే అవసరమైన బలం నాలుగు రెట్లు. నిమిషానికి 8,000 సార్లు తిరిగేలా తయారుచేసిన ఇంజిన్‌ను 1,400 దగ్గర ఐడిల్‌లో ఉంచామనుకోండి. వాల్వు కదలిక వల్ల పుట్టే బలం గరిష్ఠ వేగంలో ఉండే దానిలో ముప్పయ్యో వంతు కూడా ఉండదు. స్ప్రింగు మాత్రం 8,000కు సరిపడే బలంతోనే నొక్కుతూ ఉంటుంది.

దీని ఫలితం మన అంచనాకు పూర్తిగా ఎదురు. ఇంజిన్ జోరుగా తిరిగేటప్పుడు, పూర్తిగా తెరుచుకున్న వాల్వు ఇంకా ముందుకు పోవాలని చూస్తుంది. ఆ ఊపు స్ప్రింగు బలంలో కొంత మింగేస్తుంది. దాంతో కామ్ ముక్కు మీద భారం తగ్గుతుంది, వేగం వల్ల ఆయిల్ పొర కూడా మందంగా ఉంటుంది. ఇంజిన్ మెల్లగా తిరిగేటప్పుడు స్ప్రింగు బలమంతా ముక్కు మీదే పడుతుంది, ఆయిల్‌ను లోపలికి లాక్కునే వేగం ఉండదు. కామ్ ముక్కుకు అసలు కష్టకాలం ఐడిల్, దానికి దగ్గరి వేగాలు. ఎక్కువ వేగంలో ముక్కుకు పక్కనున్న వాలుల మీద భారం పెరిగే మాట నిజమే. కాకపోతే అక్కడ కాపాడడానికి ఆయిల్ పొర ఉంటుంది.

పాడైన కామ్‌ను చేతిలోకి తీసుకుని చూస్తే ఈ కథంతా దాని మీదే కనిపిస్తుంది. వెనుక గుండ్రటి భాగం అద్దంలా మెరుస్తూనే ఉంటుంది. ముక్కు దగ్గరికి వచ్చేసరికి మెరుపు పోయి బూడిదరంగు మసక పట్టి, సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. కొన్ని గుంటలు కలిసి పొలుసు లేచినట్టుంటాయి. గోరుతో గీస్తే తగులుతుంది. పైన గట్టిపరిచిన పొర పోయాక లోపలి మెత్తని లోహం త్వరత్వరగా అరుగుతుంది. ఊడిన పొలుసులు ఆయిల్‌లో కలిసి మిగతా భాగాలకు ప్రయాణిస్తాయి. ఫిల్టరు పట్టుకున్నవి పోగా మిగిలినవి ఏ బేరింగులోనో చిక్కుకుంటాయి.

అదే సీసీ, రెట్టింపు బలం

ఈ తరగతి బైకులకు ఆద్యురాలు బీఎండబ్ల్యూ ఆర్80 జీ/ఎస్. 1980లో వచ్చింది, మరుసటి ఏడాదే పారిస్–డాకర్ ర్యాలీని ఫ్రెంచ్ రైడర్ ఉబేర్ ఓరియోల్ దాని మీద గెలిచాడు. దాని ఇంజిన్ దాదాపు 798 సీసీ, బలం 50 హార్స్ పవర్. 2019లో ఆస్ట్రియా కంపెనీ కేటీఎమ్ తెచ్చిన 790 అడ్వెంచర్ ఇంజిన్ 799 సీసీ, బలం 95. ఒక్క సీసీ తేడాతో దాదాపు రెట్టింపు. మన రోడ్ల మీద కూడా ఇదే దారి కనిపిస్తుంది. 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 సీసీల్లోంచి 24 చిల్లర హార్స్ పవర్ తీస్తే, 2023లో వచ్చిన కొత్త హిమాలయన్ 452 సీసీల్లోంచి 40 తీస్తోంది.

ఈ బలం ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. పిస్టన్ వేగం పెంచి తెచ్చారా అంటే, కాదు. పాత హిమాలయన్ 6,500 ఆర్‌పీఎమ్ దగ్గర పిస్టన్ సగటున సెకనుకు 18.6 మీటర్ల వేగంతో కదులుతుంది. 790 ఇంజిన్‌లో 8,000 ఆర్‌పీఎమ్ దగ్గర కూడా అది 17.5 మీటర్లే, ఎందుకంటే దాని పిస్టన్ కదిలే దూరం 86 మిల్లీమీటర్ల బదులు 65.7 మాత్రమే. రెండో ఇంజిన్‌లో పిస్టన్‌కు కొత్తగా కష్టం పెరగలేదు. పెరిగిన కష్టం వాల్వుల మీద, వాటిని నడిపే కామ్‌ల మీద పడింది. ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో ఎక్కువ గాలి పీల్చాలంటే వాల్వులు పెద్దవిగా ఉండాలి, ఎక్కువ ఎత్తు తెరుచుకోవాలి, తక్కువ సమయంలో తెరుచుకుని మూసుకోవాలి.

790 అడ్వెంచర్, ఆ తర్వాత 2021లో వచ్చిన 890 అడ్వెంచర్ యజమానులు కొందరు పలు దేశాల నుంచి చేసిన ఫిర్యాదు కూడా ఇదే భాగం గురించి. కామ్ ముక్కుల మీద గుంటలు పడ్డాయని, కొన్ని బళ్లలో 30,000 కిలోమీటర్ల వాల్వు తనిఖీకి హెడ్ కవరు విప్పినప్పుడే అది బయటపడిందని వారు చెప్పారు. ఆ ఇంజిన్ మొత్తంగా పనికిమాలినదని దీనితో తేల్చేయడం అన్యాయం. బండి చెడినవాళ్లు గొంతెత్తినంతగా చెడనివాళ్లు ఎత్తరు కాబట్టి, ఫిర్యాదుల సంఖ్యను చూసి నూటికి ఎన్ని బళ్లు చెడ్డాయో లెక్కకట్టలేం. కానీ గమనించాల్సింది సంఖ్యను కాదు, స్థానాన్ని. వేర్వేరు దేశాల్లో, వేర్వేరు చేతుల్లో నడిచిన బళ్లలో ఒకే భాగంలో ఒకే చోట ఒకే రకం గాయం కనిపిస్తే దాన్ని నడిపినవాళ్ల అజాగ్రత్తగా కొట్టిపారేయలేం. ఎక్కువ బలం తీసే ఇంజిన్లో ఆయిల్ పొర అతి పలచగా ఉండే చోటే అది. అక్కడ లోహం నాణ్యతలోనో, గట్టిపరచడంలోనో, ఆయిల్ అందడంలోనో కొద్దిపాటి తేడా ఉన్నా సర్దుకునే వెసులుబాటు ఉండదు.

బాక్సు: డబ్బా మీది అక్షరాలు

*10డబ్ల్యూ-50 అని ఉంటే మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో, రెండోది ఇంజిన్ వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. మొదటిది తక్కువగా ఉంటే లేహ్ తెల్లవారుజామున స్టార్ట్ చేయగానే ఆయిల్ పైన కామ్‌ల దాకా త్వరగా చేరుతుంది. వేడిలో చిక్కదనం నిలపడానికి పొడవాటి పాలిమర్ అణువులు కలుపుతారు. కార్లలో ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ వేరువేరు ఆయిల్ ఉంటుంది. చాలా బైకుల్లో రెంటికీ ఒకటే ఆయిల్, క్లచ్ ప్లేట్లు కూడా అందులోనే మునిగి ఉంటాయి. గేరు పళ్లు ఆ పొడవాటి అణువులను కొరికి ముక్కలు చేస్తాయి. కొన్నాళ్లకు 50 అని పోసిన ఆయిల్ 40 లాగా ప్రవర్తిస్తుంది.*

*ఎంఏ, ఎంఏ2 అనేవి జపాన్ ప్రమాణ సంస్థ జాసో బైకుల కోసం ఇచ్చిన గుర్తులు. క్లచ్ జారకుండా పట్టు ఇచ్చే ఆయిల్ అని అర్థం. ఆయిల్ పొర చిరిగిన చోట లోహాన్ని కాపాడే ఆఖరి రక్షణ జింకు, భాస్వరం కలిసిన జెడ్‌డీడీపీ అనే రసాయనం. 1940ల నుంచి వాడుకలో ఉంది. రాపిడి, వేడి తగిలిన చోటే అది గాజులాంటి పలచని పూత కడుతుంది. ఆ భాస్వరమే సైలెన్సరులోని క్యాటలిస్టును పాడుచేస్తుంది కాబట్టి ఎంత కలపాలన్నదానికి హద్దులు పెట్టారు.*

పలుగురాయి పొడి

ఇప్పటిదాకా చెప్పింది శుభ్రమైన ఇంజిన్ కథ. అడ్వెంచర్ బైకు శుభ్రమైన గాలి పీల్చేది తక్కువ. దుమ్ము అనగానే మెత్తని మట్టి గుర్తొస్తుంది గానీ, గ్రానైటు నేలల దుమ్ములో గణనీయమైన భాగం పలుగురాయి పొడి. తెలంగాణలో సగానికి పైగా నేల కింద ఉన్నది గ్రానైటు జాతి రాయే, కంకర రోడ్లకు కొట్టేదీ ఎక్కువగా అదే. ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ కొలతలో పలుగురాయిది 7. మామూలు ఉక్కు దానికంటే మెత్తన. గట్టిపరిచిన ఉక్కు కూడా దానితో సరిసమానంగానే నిలుస్తుంది. పెద్ద రేణువులను ఫిల్టరు ఆపేస్తుంది. ఇంజిన్‌కు చేటు చేసేవి ముఖ్యంగా 5 నుంచి 20 మైక్రాన్ల లోపువి, అంటే కంటికి కనిపించనివి. ఆయిల్ పొర మందం కంటే ఇవి పెద్దవి కాబట్టి పొరను చీల్చుకుని రెండు వైపులా లోహాన్ని గీస్తాయి.

ఎంత దుమ్ము లోపలికి పోతుందో లెక్క వేయవచ్చు. 411 సీసీ ఇంజిన్ థ్రాటిల్ పూర్తిగా తెరిచి 4,000 ఆర్‌పీఎమ్ దగ్గర నిమిషానికి దాదాపు 820 లీటర్ల గాలి పీలుస్తుంది. అందులో సగమే పీల్చినా గంటకు పాతిక ఘనమీటర్లు. ముందుపోయే లారీ కూడా కనిపించనంత దుమ్ములో ఘనమీటరు గాలికి సుమారు ఒక గ్రాము ధూళి ఉంటుంది. అంటే గంటలో పాతిక గ్రాముల దుమ్ము ఫిల్టరు గుమ్మం దాకా వస్తుంది. ఫిల్టరు 99 శాతం ఆపితే పావు గ్రాము, 98 శాతం ఆపితే అర గ్రాము లోపలికి పోతుంది. ప్రకటనలో ఒక్క శాతం తేడాగా కనిపించేది ఇంజిన్‌లోకి వెళ్లే దుమ్మును రెట్టింపు చేస్తుంది. గాలి ధారాళంగా వస్తుంది, బండి లాగుతుంది అని చెప్పి అమ్మే పలచని ఫిల్టర్లను హైవే బండికి పెట్టుకుంటే పెట్టుకోవచ్చు, మట్టి దారులు తొక్కే బండికి పెట్టడం నా దృష్టిలో పెద్ద పొరపాటు.

ఫిల్టరు ఎంత మంచిదైనా, అది కూర్చునే అంచు సరిగ్గా అతకకపోతే ప్రయోజనం లేదు. ఎయిర్ బాక్సు మూత తీసి ఫిల్టరు అవతలి వైపు, అంటే ఇంజిన్ వైపు చూడండి. అక్కడ వేలితో తుడిస్తే ఏమీ అంటకూడదు. రబ్బరు అంచు పక్కన సన్నని ఎర్రటి చార కనిపించిందా, దుమ్ము ఫిల్టరు గుండా కాక పక్కదారిన పోతోందన్నమాట. ఇంకో మాట. కాగితపు ఫిల్టరును వారం వారం కంప్రెసరు గాలితో కొట్టించడం మంచి అలవాటు కాదు. ఆ ఒత్తిడికి కాగితపు పోగులు చిరుగుతాయి. పైగా కొద్దిగా దుమ్ము పట్టిన కాగితం కొత్తదానికంటే బాగా వడకడుతుంది, పట్టిన ధూళే సందులను మరింత సన్నగా చేస్తుంది. తడిస్తే, మరీ పూడుకుపోతే మార్చేయడమే.

గంటల లెక్క

ఇప్పుడు మొదటి రెండు బళ్ల దగ్గరికి వద్దాం. గంటకు సగటున 80 కిలోమీటర్ల చొప్పున 15,000 కిలోమీటర్లు పోవడానికి 187 గంటలు చాలు. 4,500 ఆర్‌పీఎమ్ అనుకుంటే క్రాంక్‌షాఫ్టు తిరిగింది సుమారు 5 కోట్ల సార్లు. కొండ బాటల్లో సగటు వేగం 20 కిలోమీటర్లు దాటడం కష్టం. అదే దూరానికి 750 గంటలు పడుతుంది. ఇంజిన్ 3,000 దగ్గర మెల్లగానే తిరిగిందనుకున్నా మొత్తం 13.5 కోట్ల సార్లు. మీటరు మీద ఒకే అంకె, ఇంజిన్‌కు మాత్రం రెండున్నర రెట్ల పని, నాలుగు రెట్ల సమయం. ఆ సమయంలోనే ఆయిల్ వేడికి కాగుతూ, గేర్ల మధ్య నలుగుతూ ఉంటుంది. పొర పలచబడే తక్కువ వేగాలు, ఎదురుగాలి అందని రేడియేటరు, దుమ్ము అన్నీ ఆ 750 గంటల్లోనే ఉన్నాయి. ఖర్దుంగ్ లా లాంటి 5,359 మీటర్ల కనుమ మీద గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగమే, కాబట్టి వేడిని మోసుకుపోయే గాలి కూడా అంతే పలచన.

ఈ సంగతి పొలం దగ్గర అందరికీ తెలుసు. ట్రాక్టరుకు అవర్ మీటరు ఉంటుంది, ఇంజిన్ ఆయిల్ గంటల లెక్కన మారుస్తారు. దుక్కిలో ట్రాక్టరు ఎన్ని కిలోమీటర్లు పోయిందని ఏ రైతూ అడగడు. జేసీబీ బాడుగా గంటకే. పోటీల కోసం తయారయ్యే ఎండ్యూరో బైకులకు సర్వీసు పట్టిక గంటల్లోనే ఇస్తారు. రెండు లక్షలు, మూడు లక్షలు, ఇరవై లక్షలు పోసి కొనే అడ్వెంచర్ బైకు మాన్యువల్‌లో మాత్రం కిలోమీటర్లు, నెలలు తప్ప గంటల మాట కనిపించడం అరుదు. 790 అడ్వెంచర్‌కు సర్వీసు 15,000 కిలోమీటర్లకు ఒకసారి. హైవే బండికి అది సబబైన విరామం. రాళ్లబాటల్లో తిరిగే బండికి అదే అంకె 750 గంటలవుతుంది, అంత సేపు ఒకే ఆయిల్‌తో నడిపే ధైర్యం ట్రాక్టరు రైతు కూడా చేయడు.

సింథటిక్ ఆయిల్ వేస్తే చాలదా?

ఖరీదైన సింథటిక్ ఆయిల్ పోస్తే ఈ బెంగలన్నీ తీరిపోతాయని ఒక వాదన. సింథటిక్ ఆయిల్ వేడిని బాగా తట్టుకుంటుంది, చలిలో బాగా పారుతుంది. కానీ దుమ్మును అది ఆపలేదు, గేర్లు కొరికే పాలిమర్లను కాపాడలేదు, తనలో చేరిన పెట్రోలునూ తేమనూ బయటికి నెట్టలేదు. మంచి ఆయిల్‌ను రెట్టింపు గంటలు వాడడం కంటే మాన్యువల్ చెప్పిన గ్రేడులో మామూలు ఆయిల్‌ను సగం గంటలకే మార్చడం దుమ్ముదారుల బండికి మేలు.

పాత బళ్లు లక్షల కిలోమీటర్లు తిరిగాయి కదా, కొత్తవే నాసిరకమని ఇంకొందరంటారు. ఇప్పుడు కంటికి కనిపించే పాత బళ్లు బతికి బట్టకట్టినవి, మధ్యలో పోయినవి పాత ఇనుముకు పోయాయి. బతికినవాటికీ ఎన్నిసార్లు రింగులు మార్చారో, ఎన్నిసార్లు బోరు చేయించారో మీటరు చెప్పదు. నేటి లోహాలు, పూతలు, ఫిల్టర్లు 1980 నాటి వాటికంటే మెరుగైనవే. మెరుగైన ఆ సామర్థ్యంలో సింహభాగాన్ని కంపెనీలు మన్నికకు కాక హార్స్ పవరుకు, దూరంగా జరిపిన సర్వీసు గడువులకు ఖర్చుపెట్టాయి. కొనేవాళ్లు బ్రోషరులో వెతికేదీ అవే కాబట్టి తప్పు ఒక్కరిదే అనలేం.

టాపెట్ శబ్దం లేదు కాబట్టి ఇంజిన్ బాగుందనే నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. కామ్ అరిగితే సందు పెరిగి టకటకమంటుంది. వాల్వు, అది కూర్చునే సీటు అరిగితే సందు తగ్గిపోయి ఇంజిన్ ఇంకా నిశ్శబ్దమవుతుంది. ఆ తర్వాత వాల్వు పూర్తిగా మూసుకోక, వేడి సీటు ద్వారా దిగక మాడిపోతుంది. నిశ్శబ్దాన్ని నమ్మి వాల్వు తనిఖీ వాయిదా వేసుకోవద్దు.

ఏం చేయాలి?

చలిలో స్టార్ట్ చేసి పది నిమిషాలు ఐడిల్‌లో వదలకండి. ఆయిల్ పైకెక్కడానికి అర నిమిషం, ఒక నిమిషం చాలు. తర్వాత మెల్లగా కదిలితే ఇంజిన్ త్వరగా వేడెక్కుతుంది, కామ్‌లకు సుఖం. ఫొటోల కోసం ఆగితే ఇంజిన్ ఆపండి. మట్టి ప్రయాణం అయ్యాక కిలోమీటర్లతో నిమిత్తం లేకుండా ఆయిల్, ఆయిల్ ఫిల్టరు మార్చండి. పాత ఫిల్టరును కోయించి మడతల్లో లోహపు మెరుపు ఉందేమో మెకానిక్‌తో కలిసి చూడండి. గుంపులో పోయేటప్పుడు ముందు బండి దుమ్ములో దూరవద్దు, ఎంత దూరం వదిలితే అంత మేలు.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు మీటరు అంకె ఒక్కటే చూసి బేరం ఆడవద్దు. బండి ఎక్కడ తిరిగిందో, ఆయిల్ ఎన్నిసార్లు మార్చారో బిల్లులు అడగండి, ఎయిర్ బాక్సు విప్పించి చూడండి. ఇక కంపెనీలు చేయాల్సిన పని ఒకటుంది. ఇంజిన్ ప్రతి చుట్టూ లెక్కపెట్టే కంప్యూటరు ఈ బళ్లన్నింటిలో ఇప్పటికే ఉంది. అది నడిచిన గంటలను డిస్‌ప్లే మీద చూపించడానికి కొత్త భాగమేదీ అక్కర్లేదు. సర్వీసు పట్టికలో కిలోమీటర్ల పక్కన గంటల వరుస ఒకటి చేర్చాలని ఈ బైకులు కొనేవాళ్లంతా షోరూమ్‌లోనే అడగాలి.